అధ్యక్షుడు, బిషప్పు, తండ్రిగారు: అజరయ్య జీవితాన్ని తెలుగులో చదవడం

1

వేసవి సెలవుల్లో కల్లూరు వెళ్లినప్పుడు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వెంట తీసుకువెళ్లాను. అరుగుమీద కూర్చుని చదువుకుంటుంటే పొరుగింటి పెద్దాయన ఒకరు వచ్చి, అందులో ఉన్న ఫోటో చూసి, "ఈయన ఎవరి మనిషి?" అని అడిగారు. మా రాయచూరు జిల్లా పల్లెల్లో కొత్తమనిషిని చూస్తే పుట్టే మొదటి ప్రశ్న ఇదే. ఇంట్లో కన్నడం మాట్లాడేవారైనా, మాలాగా తెలుగు మాట్లాడేవారైనా ఈ ప్రశ్న మారదు. పేరూ ఊరూ తర్వాతి సంగతి. "దోర్నకల్ బిషప్పుగా ఉండిన అజరయ్యగారు. అరవదేశంనుంచి వచ్చినవారు" అన్నాను. "దోర్నకల్ అంటే మన నైజాములోదే గదా" అన్నారాయన. రాయచూరు 1956లో అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిసింది. పెద్దవాళ్ల మాటల్లో మాత్రం నైజాము సరిహద్దు ఇంకా చెరిగిపోలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గురించి నేను చదివిన రచనలు ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్నకే జవాబు చెబుతున్నాయి. ఆయన పోయిన మరుసటి సంవత్సరం, 1946లో, కేరల్ గ్రాహమ్ రాసిన జీవితచరిత్ర వచ్చింది. ఆయన్ని దగ్గరగా ఎరిగినవారి గౌరవం అందులో కనిపిస్తుంది. అక్కడ అజరయ్య సంఘం మనిషి. 2000లో సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ ప్రచురించిన పెద్ద గ్రంథం చరిత్రకారుల పద్ధతిలో, విస్తారమైన పత్రాల ఆధారంగా రాసినది. ఆ పుస్తకం శీర్షికలోనే మహాత్ముడి నీడ ఉంది. అక్కడ ప్రశ్న సామ్రాజ్యానికీ జాతీయోద్యమానికీ మధ్య నిలబడిన మనిషి గురించి. రెండూ విలువైన పుస్తకాలే. హార్పర్ గ్రంథం లేకుండా ఈనాడు అజరయ్య గురించి బాధ్యతగా ఏదీ రాయలేం. అయినా ఈ చర్చ ఎక్కువగా ఇంగ్లీషులో, ఇంగ్లీషు పత్రాల మీద సాగింది. అజరయ్య ముప్పైఅయిదేళ్లు బతికినది తెలుగువాళ్ల మధ్య. ఆయన వల్ల జీవితం మారినవాళ్లు తెలుగులో మాట్లాడారు, తెలుగులో ప్రార్థించారు, ఆయన్ని తెలుగులో పిలిచారు. ఆ పిలుపుల వైపునుంచి చూస్తే ఆయన సాధించినదీ, సాధించలేకపోయినదీ రెండూ మరికాస్త స్పష్టంగా కనిపిస్తాయని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే.

2

ముందు జీవితరేఖను క్లుప్తంగా చెప్పుకోవాలి. అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఆంగ్లికన్ గురువు, అంటే ఇంగ్లండు సంఘానికి చెందిన పాస్టరు. కులం నాడార్. ఆనాటి లెక్కలో గుడి గడప తొక్కనివ్వని కులం అది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, డిగ్రీ పూర్తి కాకుండానే 1895లో వై.ఎమ్.సి.ఏ. కార్యదర్శిగా చేరారు. దక్షిణదేశమంతా తిరిగిన ఉద్యోగం అది. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905 క్రిస్మసు రోజున శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. రెంటి వెనుకా ఆయన ఉన్నారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతిమీదుగా, భారతీయుల యాజమాన్యంలో సువార్తపని జరగాలన్నది ఆ రెండు సంస్థల మూలసూత్రం.

తిరునెల్వేలి సొసైటీ పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సింగరేణి బొగ్గుకోసం వేసిన రైలుదారి చీలిపోయే జంక్షను. 1909లో అజరయ్య వై.ఎమ్.సి.ఏ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, అక్కడికి వచ్చారు. ముప్పైఅయిదేళ్ల వయసులో, దేశమంతటా పేరున్న మనిషి, భాష రాని పల్లెకు రావడం చిన్న నిర్ణయం కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెంట్ పాల్స్ కెథీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్లమీద నల్లవాడి అధికారం నడుస్తుందా అన్న అభ్యంతరాలు మిషనరీలలో చాలామందికి ఉండేవి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి ఈ పని జరిపించారు. ఆ తర్వాత 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూసేవరకు, స్వతంత్రంగా ఒక డయాసిస్‌ను నడిపిన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు మరొకరు లేరు. ముప్పైరెండేళ్లలో రెండోవాడు రాలేదన్నది ఆయన గొప్పతనానికి కాదు, ఆ వ్యవస్థ సంకోచానికి నిదర్శనం.

చిన్నదిగా మొదలైన డయాసిస్ తర్వాత కృష్ణా, గోదావరి, రాయలసీమ ప్రాంతాల్లోకి విస్తరించింది. 1941 నాటికి అందులోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షల పాతికవేలకు చేరింది. వీరిలో అత్యధికులు మాలలు, మాదిగలు. 1930ల మధ్యనాటికి భారతీయ గురువులు వందకు పైగా, గ్రామాల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయులు రెండువేలకు పైగా ఉన్నారు. ఈ రెండువేలమందిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నా వాదం చివరికి వాళ్ల దగ్గరికే వస్తుంది.

3

పేరుతో మొదలుపెడదాం. అజర్యా అనేది హీబ్రూ పేరు. దేవుడు సాయపడ్డాడు అని అర్థం. తెలుగు బైబిలులో ఆ పేరు ‘అజర్యా’ అనే ఉంది. మనవాళ్లు మాత్రం ఆయన్ని అజరయ్య అన్నారు. రామయ్య, వెంకయ్య, యేసయ్య ఎలాగో ఇదీ అలాగే. పరభాషాపదం చివర ఉన్న ధ్వని తన భాషలోని ఒక ప్రత్యయంలాగా వినిపిస్తే, మాట్లాడేవాడు దాన్ని ఆ ప్రత్యయంగానే తీసుకుంటాడు. ఇది ప్రతి భాషలోనూ జరిగేదే. అయితే దొరల పేర్ల విషయంలో ఇలా జరగడం అరుదు. వైట్‌హెడ్ పేరు వైట్‌హెడ్‌గానే మిగిలింది. అజరయ్య పేరు ఒక పల్లెటూరి తెలుగువాడి పేరైపోయింది. తమిళుల పద్ధతిలో వేదనాయకం అనేది తండ్రి పేరు, మనకున్నట్టు ఇంటిపేరు లేదు. ఇంగ్లీషు పత్రాలు అజరయ్యను ఇంటిపేరు చేశాయి, తెలుగు నోరు దాన్ని పిలిచే పేరు చేసింది.

ఆయన వచ్చిన దారిని గురించి ఇక్కడే ఒక మాట. భాషాశాస్త్రం చదివినవారికి ఇంకొక ఆంగ్లికన్ బిషప్పు బాగా తెలుసు. 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్. ఆయన పనిచేసిన ఇడైయన్‌గుడి ఉన్నది కూడా ఆ తిరునెల్వేలి సీమలోనే. తెలుగు, తమిళం ఒక తల్లి బిడ్డలన్న సంగతిని 1816లోనే ఎల్లిస్ గుర్తించినా, దాన్ని శాస్త్రంగా నిలబెట్టింది కాల్డ్వెల్. ఆయనే 1849లో నాడార్ల గురించి రాసిన చిన్న పుస్తకం ఆ కులంలోని చదువుకున్నవారిని తీవ్రంగా నొప్పించింది. అంటే అజరయ్య పుట్టిన సమాజానికి పుస్తకంలో తమను గురించి మరొకరు రాస్తే ఎలా ఉంటుందో తెలుసు. ‘వెనుకబడినవారు’ అన్న వర్ణనకు గురైన కులంనుంచి వచ్చి, అదే వర్ణనకు గురవుతున్న మరో జనానికి ఆయన బిషప్పు అయ్యారు. ఈ పోలికను ఆయన జీవితం చదివేటప్పుడు మరిచిపోకూడదు.

భాషలు తోబుట్టువులైనంతమాత్రాన నేర్చుకోవడం తేలిక కాదు. తమిళంలో పదాల మొదట క, గలకూ ప, బలకూ అర్థభేదం లేదు. తెలుగులో ఉంది. ‘పడి’ వేరు, ‘బడి’ వేరు. మనం తమిళ మిత్రుల తెలుగును చూసి నవ్వుకునేది ఎక్కువగా ఇక్కడే. చదువుకున్న మిత్రుడి పొరపాటుకు నవ్వడం వేరు, పల్లెలో వందమంది ముందు నిలబడి బోధించేవాడికి ఆ నవ్వు ఎదురవడం వేరు. ఇంగ్లీషులో అంతర్జాతీయ సభలను ఆకట్టుకోగల మనిషి, కూలివాళ్ల ముందు విద్యార్థి కావలసివచ్చింది. మిషనరీలు కూడా తెలుగు నేర్చుకున్నారు. కాని వాళ్ల తప్పును జనం దొరతనం కింద సర్దుకున్నారు. సాటి దేశస్థుడికి ఆ వెసులుబాటు లేదు.

4

‘బిషప్పు’ అన్న మాటకు తెలుగు బైబిలు వాడిన పదం ‘అధ్యక్షుడు’. అనువాదకులు బాగా ఆలోచించే పెట్టారనిపిస్తుంది. గ్రీకు మూలపదం ‘ఎపిస్కొపొస్’కు పైనుండి చూసేవాడు అని అర్థం. అధి అంటే పైన, అక్ష అంటే కన్ను. ఒక్కొక్క ముక్కకూ సరిగ్గా సరిపోయే పదం. ఇంత చక్కని పదం దొరికినా జనం నోట అది నిలవలేదు. రాతలో, ప్రార్థనలో అధ్యక్షుడు, మాటలో బిషప్పుగారు. నేటి వాడుకలో అధ్యక్షుడంటే సభకో పార్టీకో ఉండేవాడు. పదం రాజకీయాలకు వెళ్లిపోయింది.

పైనుండి చూసే కన్ను అన్న ఈ భావమే అజరయ్యకు తొలినుంచీ ఇబ్బంది పెట్టిన విషయం. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండువందలమంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవైకి లోపే. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం సభను కలవరపరిచింది. మిషనరీలు తమ భారతీయ సహోద్యోగులతో కలిసి భోజనం చేయరని, ఇంటికి పిలవరని, యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే దూరమే ఇద్దరి మధ్యా ఉందని ఆయన ఆ సభలోనే చెప్పారు. మీ త్యాగాలకు కృతజ్ఞులమే, కాని మాకు కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగసారం. ఇరవయ్యో శతాబ్దపు సంఘచరిత్రల్లో ఇంతగా ప్రస్తావనకు వచ్చిన భారతీయ ప్రసంగం మరొకటి లేదనవచ్చు.

ఈ ప్రసంగాన్ని ఇంగ్లీషులో చదివేటప్పుడు ఒక సంగతి పైకి రాదు. ఇంగ్లీషులో మధ్యమపురుష సర్వనామం ఒక్కటే. ఎదుటివాడు నౌకరైనా, ప్రభువైనా అదే. తెలుగులో దొరకూ సహోద్యోగికీ మధ్య ఉన్న దూరం ప్రతి క్రియాపదంలో వినబడుతుంది. మన పల్లెల్లో మిషనరీ దొరగారు, ఆయన భార్య దొరసానిగారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు మీరు, తమరు. మరి దొర తన కింది ఉపదేశితో మాట్లాడేటప్పుడు? మాలపల్లెలో మనిషితో మాట్లాడేటప్పుడు? కలిసి భోజనం చేయకపోవడాన్ని సభలో చెప్పవచ్చు. సర్వనామంలో ఉన్న అవమానాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి చెప్పడం కష్టం.

5

ఇప్పుడు ఆ రెండువేలమంది ఉపాధ్యాయుల దగ్గరికి వద్దాం. తెలుగులో పేరు చివర చేరే రెండు మాటలున్నాయి. ఒకటి ‘గారు’, మరొకటి ‘గాడు’. ఒక్క అక్షరం తేడా. వెంకయ్యగారు ఒకవైపు, ఎంకడో ఎంకిగాడో మరోవైపు. ఈ రెంటి మధ్య ఉన్న గీతే మన ఊళ్ల కులవ్యవస్థకు వ్యాకరణరూపం. మాల మాదిగలకు ‘గారు’ దక్కడమన్నది ఊరి కట్టుబాటులో లేని విషయం. వాళ్లను పిలిచేది అరే, ఒరే అనే. వాళ్లు పిలవవలసింది అయ్యా, దొరా అని.

తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో పాస్టరును ‘అయ్యగారు’ అనీ, ఆయన భార్యను ‘అమ్మగారు’ అనీ పిలవడం ఈనాటికీ ఉన్న వాడుక. అలవాటుపడి మనం దాని బరువు గుర్తించం. అయ్యగారు అంతకుముందు బ్రాహ్మణుడు, భూస్వామి, అధికారి. ఇప్పుడు మాలపల్లెలో పుట్టి, బడిలో చదివి, ఆ పల్లెకే పాఠం చెప్పడానికి తిరిగివచ్చిన కుర్రవాడు అయ్యగారయ్యాడు. ఈ మార్పును అజరయ్య ఒక్కరే తేలేదు, ఆయనకు ముందు, ఆయనతోపాటు బాప్టిస్టు, లూథరన్, మెథడిస్టు సంఘాలూ ఈ దారిలో ఉన్నాయి. అజరయ్య చేసింది ఏమిటంటే, అయ్యగార్ల సంఖ్యను పెంచి, వాళ్లను దొరల సహాయకులుగా కాక సంఘానికి బాధ్యులుగా నిలబెట్టడం. పైన కూర్చున్నవాడు తానే భారతీయుడు కనుక, కింద ఉన్నవాడికి కూడా పైకి దారి ఉందన్న నమ్మకం కలిగింది. ఒక డయాసిస్‌లో వందమందికి పైగా తెలుగు అయ్యగార్లంటే వంద ఊళ్లలో గౌరవవాచకాల పద్ధతి కదిలిందన్నమాట.

బాప్తిస్మం పుచ్చుకునేవారి చేత అజరయ్య చేయించిన ఒక పని గురించి ఆయన్ని ఎరిగినవారు రాశారు. తమ చేతిని తమ తలమీద పెట్టుకుని, తాము బాప్తిస్మం పొందినవారమని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ తప్పదని వాళ్లంతట వాళ్లు పలకాలి. మతాభిప్రాయం ఏదైనా కానివ్వండి, భాషాదృష్టితో చూస్తే ఇది గమనించదగినది. ఊళ్లో ఎప్పుడూ మరొకరి ఆజ్ఞకు కర్మగా ఉన్న మనిషి, ఇక్కడ ఉత్తమపురుషలో, పదిమంది ఎదుట, తానే కర్తగా ఒక వాక్యం పలికాడు. దానధర్మాల విషయంలోనూ ఇదే పద్ధతి. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం సంఘం కోసం తీసిపెట్టమని పేద ఇల్లాళ్లకు ఆయన నేర్పారు. క్రైస్తవ దానం గురించి పుస్తకమే రాశారు. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి కావాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

6

దోర్నకల్ నిజాం రాజ్యంలోని ఊరని కల్లూరు పెద్దాయన గుర్తుచేశారు. ఇది చిన్న విషయం కాదు. ఆ రాజ్యంలో అధికారభాష ఉర్దూ. మా తాతగారు చదువుకున్నది ఉర్దూలో. కన్నడం వ్యవహారంలో, తెలుగు ఇంట్లో. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారన్నదీ, ఆ అవమానంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టిందన్నదీ మన పాఠకులకు తెలిసిన చరిత్రే. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ జరిగింది. తెలంగాణలో తెలుగు తలెత్తిన కథను మనం ఈ మెట్ల మీదుగానే చెప్పుకుంటాం.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, ఆ రాజ్యంలోనే, దోర్నకల్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనం వారం వారం తెలుగులో ఆరాధన చేశారు, తెలుగులో పాడారు, పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్‌లో గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి, మన మండపాల్లోలాంటి రాతి స్తంభాలు, వాటిమీద తామరపూలు, సిలువలు ఉన్నాయి. కట్టడంలో మూడు సంప్రదాయాలు కలిశాయని అందరూ రాస్తారు. లోపల వినబడేది తెలుగు అన్న సంగతి ఎవరూ ప్రత్యేకించి రాయరు. తెలంగాణ భాషోద్యమ చరిత్రలో గ్రంథాలయాలకూ పత్రికలకూ చోటుంది. మాలపల్లె బడికీ ప్రార్థనకూ చోటు లేదు. ఈ లోపం మనది, చరిత్రకారులది.

అయితే ఆ తెలుగు ఎలాంటిది? గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం పోరాడుతున్న కాలంలో సంఘం తన పాత గ్రాంథికాన్నే పట్టుకుని ఉంది. ‘గనుక’, ‘యెడల’, ‘దయచేయుము’ అన్న రూపాలు అందులోవే. క్షేత్రపరిశీలన రోజుల్లో ఒక పల్లెలో చదువురాని ముసలమ్మ ప్రార్థన విన్నాను. క్రియలన్నీ ‘యుము’తో ముగిశాయి. ఒక్క తడబాటు లేదు. ప్రార్థన అయిన నిమిషానికి కోడలిని పిలిచిన తెలుగు పూర్తిగా వేరు. వ్యావహారికవాదిగా నాకు సంఘంమీద ఫిర్యాదు ఉంది. మాదిగ పలుకుబడికి, డప్పు దరువుకు, కొలుపుపాటకు ఆరాధనలో చోటు దొరకడం కష్టమైంది. కొలుపులూ కల్లూ వదిలించే క్రమశిక్షణలో పాట కూడా కొంత కొట్టుకుపోయింది. కాని ఆ ముసలమ్మ వైపునుంచి చూస్తే కథ వేరు. ఆమెకు ఊరి బడి, పురాణకాలక్షేపం రెండూ మూసుకుపోయి ఉండేవి. పెద్దవాళ్ల తెలుగు అనుకున్నది ఆమెకు నోటికి వచ్చింది. దాన్ని ఆమె దేవుడితో మాట్లాడడానికి వాడుకుంది. దీన్ని నష్టమని మాత్రమే అనడానికి నాకు నోరు రాదు.

7

1936 చివర్లో జాన్ మాట్ అనే అమెరికన్ సంఘనాయకుడితో మాట్లాడుతూ గాంధీజీ, హరిజనులకు సువార్త బోధించడం ఆవుకు బోధించడం వంటిదన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఆ తర్వాత వివరణ ఇస్తూ అవమానించే ఉద్దేశం లేదన్నారు. ఆయన ఆందోళనకు కారణాలు లేకపోలేదు. అంబేద్కర్ 1935లో తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తర్వాత రకరకాల మతసంస్థలు దళితుల సంఖ్యను లెక్కపెట్టుకుంటూ వెంటపడుతున్న రోజులవి. అజరయ్యకూ ఆ లెక్కల రాజకీయం ఇష్టం లేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించిన మనిషి ఆయన. కాని గుంపులుగా వచ్చే పేదవాళ్లకు విశ్వాసం అర్థం కాదన్న వాదాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తన డయాసిస్ పల్లెల్లో మారిన జీవితాలనే రుజువుగా చూపించారు.

ఈ వివాదంలో ఎవరు గెలిచారన్నది ఇక్కడ విషయం కాదు. ‘అర్థం చేసుకోవడం’ అంటే ఏమిటన్నది విషయం. ఒకరు ఆవు పోలిక తెచ్చారు, మరొకరు రుజువులు చూపారు. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషులో. ఎవరి బుద్ధి గురించి వాదన జరుగుతోందో వాళ్ల తెలుగు ఆ వాదనలో వినబడదు. జాషువ ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. ఆ సంవత్సరాల్లోనే ఒక దళిత కవి, అందరూ ఒప్పుకున్న పద్యభాషలో, తన గోడు తానే చెప్పుకున్నాడు. అర్థమవుతుందా లేదా అన్న ప్రశ్నకు అంతకు మించిన జవాబు అక్కరలేదు. జాషువ దారి వేరు, సంఘంతో ఆయనకున్న పేచీలు వేరు. అయినా అక్షరం చేతికందిన మొదటి తరాల పిల్లవాడే ఆయన కూడా.

8

చివరి పిలుపు ‘తండ్రిగారు’. దోర్నకల్ డయాసిస్‌లో అజరయ్యను జనం ఇలా పిలిచేవారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ప్రేమకు గుర్తుగా దాన్ని ఉదాహరిస్తాయి. నిజమే. దొరగారు అని పిలిపించుకోగల పదవిలో ఉండి, చుట్టరికపు మాట సంపాదించుకున్న మనిషి ఆయన. పరభాషవాడికి మనవాళ్లు చుట్టరికం కలపడం తేలికగా జరిగేది కాదు. ఎవరి మనిషి అన్న ప్రశ్నకు ఈ ఒక్క మాట సగం జవాబు.

కాని మిగతా సగం కూడా ఇందులోనే ఉంది. మాల మాదిగ ఇళ్లలో తండ్రిని పిలిచేది అయ్యా, నాయనా, అబ్బా అని. ‘తండ్రి’ని పిలుపుగా వాడితే దేవుడికి, లేదా ముద్దుగా పసిబిడ్డకు. ‘తండ్రిగారు’ చదువుకున్నవారి మాట. పల్లెలో పుట్టిన మాట కాదు, బడిలోనూ సంఘంలోనూ కుదిరిన మాట. ‘తండ్రి’ దగ్గరికి తెస్తుంది, ‘గారు’ మళ్లీ ఒక అడుగు వెనక్కి జరుపుతుంది. బిడ్డ తండ్రికి లోబడాలి, తండ్రి బిడ్డను దిద్దాలి. అజరయ్య పాలనలో ఈ రెండూ పుష్కలంగా ఉన్నాయి. కల్లు, కొలుపులు, పెళ్లిళ్లు, విరాళాలు అన్నిటిపైనా తండ్రి చూపు ఉంది. అధ్యక్షుడన్న పదంలోని పైనుండి చూసే కన్ను తిరిగి వచ్చిందా అనిపిస్తుంది. మాల మాదిగల మధ్య దూరం ఒకే తండ్రి కింద ఉన్నా సంఘంలో పూర్తిగా కరగలేదు.

1910లో ఎడిన్‌బరోలో ఆయన అడిగింది స్నేహం. తనకూ తెల్లవారికీ మధ్య స్నేహం. దోర్నకల్ జనానికి ఆయన ఇచ్చింది తండ్రితనం. ఇది ద్వంద్వనీతి అని నేను అనను. ఆకలితో, అప్పులతో, ఊరి దెబ్బలతో ఉన్నవారికి ఆ రోజున కావలసింది వెనుక నిలబడే పెద్దదిక్కు. స్నేహితుడికి దెబ్బ అడ్డుకునే శక్తి ఉండదు. తండ్రికి ఉంటుంది. అయినా ఒక తరం తండ్రిని అడిగితే, మరుసటి తరం స్నేహితుణ్ని అడుగుతుంది. తండ్రితనం తన పని ముగించుకుని ఎప్పుడు తప్పుకోవాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. 1919 మేలో తరంగంబాడి సమావేశంనుంచి ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత, ఆయన పోయాక 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. పెద్ద సంఘం ఏర్పడింది. పల్లెలో గారు, గాడుల మధ్య గీత మాత్రం సంఘం గోడకు బయట అలాగే మిగిలింది. కొన్నిచోట్ల లోపల కూడా.

9

ఈ వ్యాసం ఒక ప్రతిపాదన మాత్రమే. దీన్ని నిలబెట్టడానికైనా, పడగొట్టడానికైనా ఆధారాలు ఇంగ్లీషు పత్రాల్లో చాలవు. సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లలో పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఉన్నచోట్ల వాటిని సేకరించాలి. ఎవరు ఎవరిని ఏమని పిలిచేవారో పెద్దవాళ్లను అడిగి రాసుకోవాలి. కంఠస్థంగా వచ్చిన ప్రార్థనలను రికార్డు చేయాలి. దోర్నకల్‌లోనే కాదు, మా రాయచూరు వంటి అంచు జిల్లాల్లోనూ. ఇక్కడ కన్నడంలో ప్రార్థించి తెలుగులో ఏడ్చేవాళ్లు ఉన్నారు. ఎనభై దాటినవారు తగ్గిపోతున్నారు. ఈ పని మన పీఠాల విద్యార్థులు వెంటనే చేపట్టవలసినది.

కల్లూరులో ఆ సాయంత్రం పెద్దాయనకు నేను ఇంత వివరంగా చెప్పలేదు. "మాల మాదిగలు తండ్రిగారు అని పిలిచిన మనిషి" అన్నాను. ఆయన కాసేపు ఆ ఫోటోను చూసి, "అయితే వాళ్ల మనిషే" అని పుస్తకం తిరిగి ఇచ్చారు. మరుక్షణమే, "వాళ్లను ఆయన ఏమని పిలిచేవాడు?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వెతకవలసింది అదే అనుకుంటున్నాను.